బాపును ఓడించిన చిట్టీ

మొన్న పొద్దున్నే మా అమ్మాయి ఫోను పట్టుకొని వంటింట్లోకి వచ్చి, నేను పప్పుకు పోపు పెడుతున్నానని కూడా చూడకుండా, దాన్ని నా ముఖానికి అడ్డంగా పెట్టింది. తనతో కలిసి నర్సింగు చదివిన స్నేహితురాలు ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ అక్కడి ఊరి ఎన్నికల్లో నిలబడిందట, వాళ్లు బరో అంటారు గానీ మన మున్సిపాలిటీ లాంటిదే, ఆ ఫలితాల వీడియో అది. పెద్ద హాలు, పొడుగాటి బల్లలు, బల్లల మీద కాగితాలు వేరుచేసి కట్టలు కడుతున్న మనుషులు, అచ్చం మన పాతకాలం లెక్కింపే. పోటీ చేసినవాళ్లంతా గుండెల మీద రిబ్బను పువ్వులు పెట్టుకొని ఒకే వేదిక మీద వరుసగా నిలబడ్డారు. మన పిల్లకూ, పక్కనున్న ఒక ముసలాయనకూ ఓట్లు సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. అప్పుడు ఆ అధికారి రెండు కాగితాలు మడిచి ఒక డబ్బాలో వేసి, ఒకటి తీసి, ముసలాయన పేరు చదివాడు. మన పిల్ల నవ్వుకుంటూ ఆయన చేయి పట్టుకొని ఊపింది.

మా అమ్మాయికి కోపం ఆగలేదు. "గంత పెద్ద దేశం, చిట్టీలేసి తేల్చుడేందమ్మా, చిన్నపోరగాళ్ల ఆట లెక్క!" అని ఒకటే గొణుగుడు. నేను పోపు సంగతి మరిచి ఆ వీడియోనే మళ్లీ పెట్టించుకొని చూశాను.  పోపు మాడిపోయింది, మిరపకాయల ఘాటుకు ఇద్దరం దగ్గుకుంటూ బయటికి వచ్చాం, నా కళ్లలో నీళ్లు ఘాటుకే వచ్చాయని అది అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను. మీలో నా ఈడువాళ్లు ఉంటే మీకైనా చెప్పుకుంటాను. అలాంటి చిట్టీ ఒకటి నా చిన్నప్పుడు నేనే తీశాను. అది తీసి మా నాన్నను, మా బాపును, నేనే ఓడగొట్టాను.

ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల వెనక ఉండేది మా బస్తీ. పత్తి రోజులు వచ్చాయంటే బండ్ల వరుస మా సందు మొదటిదాకా వచ్చి ఆగేది. బండ్ల కింద పడుకునే రైతుల మరాఠీ, మా ఇళ్లలోని తెలుగు, సందు చివరి ఇళ్లలోని ఉర్దూ కలగాపులగమైపోయి, ఏ మాట ఏ భాషదో పెద్దయ్యేదాకా మాకు తెలియనే తెలియదు. బాపు మిల్లులో పత్తి కాంటా దగ్గర పనిచేసేవాడు. తూకం దగ్గర పనిచేసే మనిషికి మంచిపేరు ఉండటం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు, ఆ కష్టమైన పేరు మా బాపుకు ఉండేది. అందుకే మున్సిపాలిటీ ఎన్నికలు వచ్చినప్పుడు మా సందువాళ్లంతా వచ్చి బాపునే నిలబడమన్నారు.

సందు చివరన చాచా ఉండేవాడు. పరుపులు, రజాయిలు కుట్టడం ఆయన పని. ఇంటి పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో పొద్దంతా విల్లుతో దూది ఏకుతుంటే దాని నారి టంయ్ టంయ్‌మని మోగేది, ఆయన కనుబొమ్మల మీదా మీసాల మీదా ఎప్పుడూ సన్నటి దూది పేరుకొని ఉండేది. ఇరవై ఏళ్ల వయసులో కూడా చాచా ముసలివాడిలాగే కనిపించేవాడని బాపు ఎగతాళి చేసేవాడు. రోజూ మిల్లు నుంచి వచ్చాక బాపు కాళ్లు కడుక్కొని నేరుగా వెళ్లేది చాచా షెడ్డుకే. అక్కడ చాయ్ తాగితే తప్ప ఆ రోజు గడిచినట్టు కాదు. ఇప్పుడు వినండి, ఆ చివరి ఇళ్లవాళ్లు వెళ్లి చాచాను నిలబెట్టారు.

ఇద్దరూ నిలబడ్డది పట్టుదలకు పోయి కాదు. మా బస్తీకి రెండు కొరతలు ఉండేవి. ఒకటి నీళ్లు. ఆడవాళ్లు మిల్లుల అవతలి బాయి నుంచి బిందెలు మోసుకు రావలసి వచ్చేది, అందుకని నల్లా తెస్తానని చాచా మాట ఇచ్చాడు. రెండోది బడి. మా ఆడపిల్లల బడిలో ఏడో తరగతి వరకే ఉండేది, ఆపైన చదవాలంటే లారీల అడ్డా దాటి, ఊరి ఆ కొసన మగపిల్లల హైస్కూలుకు వెళ్లాలి, ఏ తల్లీ పంపేది కాదు. మా బస్తీ ఆడపిల్లల్లో ఎనిమిది చదివినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పుడు నేను ఏడులో ఉన్నాను. పరీక్షలు కాగానే మాన్పిస్తానని అవ్వ, మా అమ్మను అలాగే పిలిచేవాళ్లం, తేల్చి చెప్పేసింది. బాపు గెలిస్తే మా బడిలోనే ఎనిమిదో తరగతి పెట్టిస్తానన్నాడు. అంటే లోకానికి అది వార్డు ఎన్నిక గానీ, నాకు మాత్రం అది నా పలకా బలపం ఎన్నిక. రోజూ పడుకునే ముందు ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నానో, తెలిసిన దేవుళ్లు అయిపోయాక చాచా వాళ్ల దర్గాకు కూడా మొక్కుకున్నాను, పోటీలో ఉన్నది ఆ చాచాయేనన్న సంగతి మరిచిపోయి.

బాపు గుర్తు నిచ్చెన, చాచాది గొడుగు. ప్రచారం అంటే ఇప్పటిలా ఊహించుకోకండి. సందులో ఇద్దరూ ఎదురుపడితే ఆగి, ఎవరి ఇల్లు దగ్గరైతే ఆ ఇంట్లో చాయ్ తాగి, మళ్లీ ఎవరి దారిన వాళ్లు ఓట్లడగడానికి వెళ్లేవారు. వెంట ఉన్నవాళ్లకు మాత్రం ఇది బొత్తిగా నచ్చేది కాదు, వాళ్లు బయట నిలబడి ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటూ ఉండేవారు.

లెక్కింపు మున్సిపల్ ఆఫీసులో జరిగింది. మధ్యాహ్నం అవ్వ జొన్నరొట్టెలూ పచ్చిపులుసూ గిన్నెల్లో సర్ది, మా మేనత్తను తోడిచ్చి నన్ను పంపింది. వాకిట్లో జవాను ఎవరినీ రానివ్వడం లేదు గానీ, అన్నం గిన్నెలు చూసి నన్నొక్కదాన్ని లోపలికి వదిలాడు. అప్పటి రోజులు అలాంటివి, ఆకలిని ఎవరూ ఆపేవారు కాదు. లోపల బాపూ చాచా ఒకే బల్ల కొసన కూర్చొని ఆ రొట్టెలు తుంచుకొని తింటుంటే, అవతల మా వార్డు కాగితాలు రెండోసారి లెక్కపెడుతున్నారు. నిచ్చెన కట్టలూ గొడుగు కట్టలూ పక్కపక్కన పెట్టారు. రెండూ సమానం, ఒక్క కాగితం ఎక్కువా లేదు తక్కువా లేదు.

 అప్పుడు చాచా మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, బాపు వైపు వంగి, తను నమాజు చదువుకున్నంత సన్నటి గొంతుతో ఒక మాట అన్నాడు.

"అన్నా, ఒక సంగతి చెప్త, కోపం చెయ్యకు. నేను నీకే ఏసిన."

బాపు చేతిలో రొట్టెముక్క అట్లాగే ఉండిపోయింది. "ఓరి నీ! నేను గూడ నీకే గుద్దిన గదా భాయ్!" అన్నాడు.

మా వైపు అదొక పెద్ద సిగ్గు. బంతిలో కూర్చొని గరిటె పట్టుకొని తన విస్తట్లో తానే వడ్డించుకోవడం ఎంత అప్రతిష్ఠో, తన గుర్తు మీద తానే ముద్ర గుద్దుకోవడం అంత అప్రతిష్ఠ అని ఆ ఇద్దరూ అనుకున్నారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే. ఇద్దరిలో ఏ ఒక్కరు కాస్త సిగ్గు విడిచినా ఎన్నిక అక్కడే తేలిపోయేది. ఆ మాట విని లెక్కించేవాళ్లు నోట్లో గుడ్డలు కుక్కుకొని నవ్వారు. కళ్లద్దాల ఆఫీసరు, ఆయన కోస్తా నుంచి వచ్చినాయన, ఓటు రహస్యం కదా బయటికి చెప్పకూడదని మందలించబోయి తనూ నవ్వేశాడు.

ఇక చిట్టీలు వేయాలి. మా ప్రాంతంలో అన్నదమ్ములు పంపకాలు చేసుకునేటప్పుడు ఇంటి ఆడపిల్లతోనే చిట్టీ తీయిస్తారు, ఆమె చేతికి వచ్చినదాని గురించి మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు. ఆ హాలులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. చాచా నా వైపు చూపించి, "గీ బిడ్డతోని తీపియ్యుండ్రి సాబ్" అన్నాడు. ఆయన మనుషులు ఒక్కసారిగా లేచి, అది ఎదుటివాడి కూతురు కదా అని అరిచారు. చాచా వాళ్ల వైపు తిరిగి, "అయితే ఏంది? నా కండ్ల ముందు పుట్టిన బిడ్డ" అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు. రొట్టెలు తెచ్చిన గిన్నెనే కండువాతో తుడిచి అందులో రెండు చిట్టీలు వేశారు. "భయపడకమ్మా, కళ్లు మూసుకొని ఒకటి తియ్యి" అన్నాడు ఆఫీసరు.

నేను కళ్లు గట్టిగా మూసుకొని, తెలిసిన దేవుళ్లందరినీ మళ్లీ ఒకసారి తలచుకొని, వేలికి ముందు తగిలినదాన్ని వదిలేసి రెండోదాన్ని తీశాను. ఎందుకు వదిలానో ఇవాళ్టికీ తెలియదు. ఆఫీసరు విప్పి చదివాడు. గొడుగు.

బాపు నన్ను ఏమంటాడోనని తలెత్తలేదు. బాపు వచ్చి నన్ను ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు, ఏడో తరగతి పిల్లను, కాళ్లు ఆయన నడుందాకా వేలాడుతున్నా. అలాగే బయటికి నడిచాడు. చాచా మనుషులు డప్పులు కొడుతూ గులాలు చల్లుతుంటే ఆ ఎర్రటి పొడి బాపు నెత్తి మీదా నా గౌను మీదా కూడా పడింది, ఊరేగింపు మొత్తం కలిసికట్టుగా మా సందులోకి వచ్చింది.

గులాలుతో నిండిపోయిన బాపును దూరం నుంచి చూసి అవ్వ ఆయనే గెలిచాడనుకుంది. పరుగున వెళ్లి హారతి పళ్లెం వెలిగించి తెచ్చి, గుమ్మంలో బాపుకు రెండు చుట్లు తిప్పింది కూడా. పక్కింటావిడ చెవిలో చెప్పాక అవ్వ ముఖం చూడాలి! కానీ వెలిగించిన హారతి కింద పెట్టకూడదని, ఆ పళ్లెమే చాచా వైపు తిప్పి, మూడో చుట్టు ఆయనకు తిప్పి, బొట్టు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత సంగతులన్నీ ఒకటొకటిగా ఆమె చెవిన పడ్డాయి. తన మొగుడు తన ఓటు ఎదుటివాడికి వేశాడని, ఓడించిన చిట్టీ తీసింది తన కూతురేనని. బాపుతో చాలా రోజులు మాట్లాడలేదు. నాతో మాత్రం ఆ పూటే మాట్లాడింది.

"మంచిగైంది పో. ఇగ ఇంట్ల కూసోని రొట్టెలు చేసుడు నేర్సుకో."

 బస్తీ పిల్లలు నన్ను ‘బాపును ఓడగొట్టిన పిల్ల’ అని ఏడిపించినా ఆ మాటకు కలిగినంత బాధ కలగలేదు. నా చదువును నా చేతులతో నేనే ఆపుకున్నాను, అదీ వేలికి తగిలినదాన్ని వదిలిపెట్టి మరీ, అని దూదిబస్తాల చాటున కూర్చొని ఏడ్చాను. చాచా షెడ్డు వెనకే కూర్చున్నానన్న ఆలోచన కూడా లేదు. ఏడవడానికి అంతకంటే మెత్తటి చోటు మా బస్తీలో మరొకటి లేదు మరి.

చాచా చూశాడో, చాచీ చూసి చెప్పిందో, కొన్నాళ్లకు ఒక సాయంత్రం చాచా మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం లోపల నేల మీదే కూర్చొని, వంటింట్లో ఉన్న అవ్వను ఉద్దేశించి మాట్లాడాడు. బిడ్డను మాన్పించొద్దని, ఎనిమిదో తరగతి సంగతి ముందు చూసి ఆ తర్వాతే నల్లా సంగతి చూస్తానని చెప్పాడు. నల్లా తెస్తానని ఓట్లు తెచ్చుకొని ఇప్పుడిలా అంటే నిన్ను నిలబెట్టినవాళ్లు ఊరుకుంటారా అని అవ్వ లోపలి నుంచే అడిగింది.

"నల్లా జర ఆలస్యమైతే బాయినీళ్లు తాగుదం వదినె. బిడ్డ బడి ఒక్క ఏడాది బంద్ అయితే మల్ల పోతదా?"

 అవ్వ చాయ్ గ్లాసులు రెండు తెచ్చి, ఒకటి చాచాకు, రెండోది బాపుకు ఇచ్చింది. ఎన్నికల తర్వాత ఆమె తన చేత్తో బాపుకు ఏదైనా అందించడం అదే మొదలు.

అనుకున్నంత సులభంగా ఏదీ కాలేదు. ఆ ఆఫీసూ ఈ ఆఫీసూ తిరిగితే చివరికి, గది చూపిస్తే టీచరును ఇస్తామన్నారు. మా బడిలో గది ఎక్కడుంది, ఉన్న పిల్లలే వరండాల్లో కూర్చునేవారు. గెలిచినాయన పక్కన ఓడినాయన కూర్చొని అర్జీ ఇస్తుంటే ఆ ఆఫీసుల్లో గుమాస్తాలు తెల్లబోయి చూసేవారట, మీలో ఎవరు మెంబరని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకునేవారట. గది సంగతి ఎటూ తేలకపోయేసరికి చాచా ఒకనాడు తన షెడ్డు ఖాళీ చేశాడు. దూదిబస్తాలు వాకిట్లోకి మోసి, పైన తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పి, తను వేపచెట్టు కింద ఎండలో కూర్చొని ఏకడం మొదలుపెట్టాడు. బాపు మిల్లుకు ఒకరోజు సెలవు పెట్టి సున్నం తడిపి గోడలకు కొట్టాడు. బడులు తెరిచే నాటికి ఆ రేకుల షెడ్డులో ఎనిమిదో తరగతి మొదలైంది. గుప్పెడు మందిమి, అంతే.

ఎన్నిసార్లు ఊడ్చినా ఆ షెడ్డులో దూది పోలేదు. రేకుల సందుల్లో నుంచి రాలి జడల్లో చిక్కుకునేది, పుస్తకాల మధ్య దూరేది, లెక్కల టీచరమ్మ ఒక్కో లెక్కకు రెండుసార్లు తుమ్మేది. బస్తీలో ఎవరి జడలో దూది కనిపిస్తే ఆ పిల్ల ఎనిమిది చదువుతున్నదని లెక్క. మొదట్లో నవ్విన తల్లులే మరుసటి ఏడు తమ పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. తడికలు అడ్డం కట్టి, ఏడాదికొకటి చొప్పున తొమ్మిదీ పదీ కూడా ఆ షెడ్డులోనే మొదలయ్యాయి. మా అవ్వ అయితే సాయంత్రాలు నా జడలో దూది ఏరుతూ విసుక్కుంటూనే, ఆ రోజు ఏం చెప్పారో అడిగేది, అర్థం కాకపోయినా మళ్లీ చెప్పమనేది.

చాచాకు మాత్రం ఇది ఊరికే గడవలేదు. నల్లా ఆలస్యమైంది, ఎండాకాలం బాయి అడుగంటింది, ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో చాచా వాకిట్లో కూర్చున్నారు. వాళ్లలో మా అవ్వ కూడా ఉంది! బడి బడేనట, నీళ్లు నీళ్లేనట. చాచా తల వంచుకొని అందరి మాటలూ పడ్డాడు. తర్వాత నల్లా వచ్చింది గానీ, కోపం అంత తొందరగా పోలేదు. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు బాపు నిలబడలేదు, చాచా తరఫున ఇల్లిల్లూ తిరిగాడు, అయినా చాచా ఓడిపోయాడు. ఈసారైనా నీకు నువ్వు ఓటేసుకున్నావా చాచా అని అడిగాను, అప్పటికి నేను పది దాటినదాన్ని, కాస్త నోరు ఎక్కువైంది. "అలవాటు ఎట్ల పోతది బిడ్డా" అని నవ్వాడు.

నేను పది పాసై, ట్రైనింగు చేసి, టీచరునయ్యాను. ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజు అవ్వ మిఠాయి పట్టుకొని ఎవరికీ చెప్పకుండా ముందు వెళ్లింది చాచా ఇంటికి. బాపు నన్ను కన్నాడు, అవ్వ పెంచింది, కానీ నా చదువు మాత్రం ఒక ఓడిన మనిషీ ఒక గెలిచిన మనిషీ కలిసి పెట్టిన భిక్ష. నా చేతి కింద ఎన్ని తరగతుల పిల్లలు చదువుకొని వెళ్లారో, వాళ్లందరి చదువులోనూ ఆ దూది కొంత ఉంది. ముగ్గురూ ఇప్పుడు లేరు. దణ్ణం పెట్టుకుందామంటే ఎటు తిరిగి పెట్టాలో తెలియక, పొద్దున్నే ఊరికే చేతులు జోడిస్తాను.

టీచరు ఉద్యోగం కనుక ఎన్నికల డ్యూటీలు నా కంటి ముందే మారిపోయాయి. కాగితాలు పోయి మిషన్లు వచ్చాయి, ఫలితం టిఫిన్ వేళకే తేలిపోతున్నది, మంచిదే. ఇప్పుడు నా మనుమరాలి బడి బస్సు నేరుగా గేటు దగ్గరికే వస్తుంది, లారీల అడ్డా అంటే దానికి తెలియదు, అదీ మంచిదే. అన్నీ పాతవే బాగున్నాయనే మనిషిని కాను నేను, బిందెలు మోసినవాళ్లెవరూ అలా అనరు.

కానీ ఈ మధ్య, నేనిప్పుడు ఉంటున్న కరీంనగర్‌లో, మా వార్డు ఫలితం వచ్చిన రోజు, గెలిచినాయన ఊరేగింపు మా వీధిలోనే ఉన్న ఓడినాయన ఇంటి ముందుకు వచ్చి ఆగింది. డీజే పాటలు పెట్టి, పటాకులు కాల్చి, చాలాసేపు అక్కడే ఎగిరారు. ఆ ఇంటి తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంది, సాయంత్రం పూట నా దగ్గరికి లెక్కలు చెప్పించుకోవడానికి వస్తుంటుంది. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల రాలేదు. నేనే వెళ్లి తలుపు కొడితే, వాళ్లమ్మ సందు మేర తెరిచి, ఎవరో చూసుకొని, అప్పుడు పూర్తిగా తెరిచింది. లోపల ఆ పిల్ల చీకట్లో కూర్చొని ఉంది. నేను నేల మీద దాని పక్కనే కూర్చొని, పుస్తకం తెమ్మన్నాను. మా బాపు ఓడిన రోజు మా ఇంటి తలుపు బార్లా తెరిచే ఉందని, కొన్నాళ్లకు గెలిచిన మనిషే వచ్చి నా చదువు గురించి మా గుమ్మంలో కింద కూర్చున్నాడని ఆ పిల్లకు చెప్పాలనుకున్నాను గానీ, నమ్ముతుందో లేదోనని లెక్కలే చెప్పి వచ్చాను.